పొలిమేర కట్టిన రోజు

మా తమ్ముడి కొడుకు శ్రీకాంత్ ఈ ఎండాకాలం మొదట్లో తెల్లాపూర్‌లోని మా ఫ్లాటుకు వచ్చాడు. ఎప్పుడు వచ్చినా సోఫాలో కూలబడి ఫోను చూసుకునే పిల్లవాడు ఆ రోజు కూర్చోలేదు. భార్యను వెంట తెచ్చుకున్నాడు. ఆమె చేతిలో కుంకుమ భరిణె ఉంది. నా నుదుట బొట్టు పెట్టి, కొత్త రవికె గుడ్డ చేతిలో పెట్టి, ఇద్దరూ నా కాళ్ళకు దండం పెట్టారు.

"అత్తమ్మా, ఊర్ల బొడ్రాయిని మళ్ళ పెడుతున్నం. రోడ్డు వెడల్పు చేసెటప్పుడు పాత రాయిని జేసీబీ పెకిలిచ్చింది గద. అప్పటిసంది ఊరికి మంచిగ లేదంటున్రు. ఆడబిడ్డలందరు రావాలె. మన ఇంటికి పెద్ద ఆడబిడ్డవు నువ్వే, మొదటి బిందె నీదే."

బొడ్రాయి అంటే మా వైపు ఊరి నడుమ పాతే రాయి. ఊరు పుట్టిన చోటు అదేనని నమ్మకం. దాన్ని కొత్తగా నిలబెట్టడం ఒక మనిషి బతుకులో రెండుసార్లు చూస్తే ఎక్కువ. అప్పుడు ఊరికి పొలిమేర కడతారు. ముందురోజు పొద్దుగూకేలోపల పసుపు బియ్యం చల్లి ఊరి చుట్టూ గీత గీస్తారు. ఆ గీత పడ్డాక లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఊరివాళ్ళు కానివాళ్ళంతా అంతకుముందే వెళ్ళిపోవాలి. ఊరికి పుట్టిన ఆడపిల్లలు మాత్రం, ఏ దేశానికి కోడళ్ళయినా సరే, వచ్చి తీరాలి. పొద్దున్నే వాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి రాయి మీద పోస్తారు. ఊరు వాళ్ళకు పుట్టింటి కానుకగా కొంగులో ఒడిబియ్యం పోస్తుంది. ఆ తర్వాతే గీత తెంపుతారు.

"బాలమణికి బొట్టు పెట్టినవా?" అని అడిగాను.

"ఏ బాలమణి?"

"మన కొట్టంల ఉంటది చూడు. ఇప్పుడు మీరు కట్టిన లైన్ల రెండో రూము."

"ఆ ఒరియా ఆమెనా? ఆమెకెందుకు బొట్టు? కిరాయికుండేటోళ్ళంత ఆ రోజు బయటికే అత్తమ్మా. కమిటీల అనుకున్నం."

"అది ఊరి ఆడబిడ్డరా. మా నాయనమ్మ చేసింది."

శ్రీకాంత్ తన భార్య మొహం చూసి నవ్వాడు. "నీకన్ని యాదికుంటయి. గని గీ ముచ్చట మాకెవ్వరు చెప్పలే."

చెప్పేవాళ్ళు ఎక్కడున్నారు? ఆ రోజు ఆ వాకిట్లో నిలబడిన పెద్దలు ఒక్కొక్కరే పోయారు. మా తమ్ముడు కూడా పోయాడు. ఆ సంగతి కళ్ళారా చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నాకు అరవై ఐదు. ఇంకో బొడ్రాయికి నేను ఉండను. ఈసారి బాలమణి గీత లోపల ఉండాలి, దాని ఒడిలో ఊరి బియ్యం పడాలి.

మా ఊరి పేరు రాయను. పటాన్‌చెరు దాటి, లక్డారం దిక్కుగా, బాంబే రోడ్డుకు ఆనుకుని ఉంటుందని చెప్తే చాలు. నా చిన్నప్పుడు రోడ్డుకు ఇటు పక్క ఊరు, అటు పక్క జొన్న చేలు. ఇంట్లో నాయనమ్మ మాటే మాట. తెల్లవారకముందే లేచి వాకిలి సానుపు చల్లేది. ఆ పేడనీళ్ళ వాసన, దాని వెనకే కొట్టంలోంచి బర్రెల వాసన, ఆ వెనకే పొయ్యి మీద రొట్టె కాలే వాసన, ఈ మూడూ ఎప్పుడూ అదే వరసలో వచ్చేవి. రాత్రి వంటకు మాత్రమే బియ్యం. పొద్దు వంగే వేళకు నాయనమ్మ ఇత్తడి సోల చేతిలో పట్టుకుని గడపలో నిలబడి "ఎందరున్నరే?" అని కేకేసేది. పొలం నుంచి వచ్చినవాళ్ళు, రానివాళ్ళు, వచ్చి మళ్ళీ బయటికి పోయినవాళ్ళు, అందరినీ అమ్మ వేళ్ళమీద చెప్పాలి. పెద్దలకు సోలెడు, పిల్లలకు అర సోల. అంతా కొలిచాక ఒక సోల ఎక్కువ పోసేది. "గిది ఎవరికి?" అని నేను అడిగితే, "ఎవరొస్తరో వాళ్ళకే" అనేది. తర్వాత లెక్కల టీచరునై, సంగారెడ్డిలో ముప్పై రెండేళ్ళు పిల్లలకు కూడికలు నేర్పాను కానీ, లెక్కలో లేని మనిషికి ముందే బియ్యం పోసే ఆ కూడిక నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నాయనమ్మ కడుపున పదకొండు మంది పుట్టారు. నలుగురు దక్కారు. మా అమ్మకు ఆరుగురం, అందరం దక్కాం. నాకు ఇద్దరు, నా కూతురికి ఒక్కతే. ఊరు మా కడుపుల వల్ల పెరగలేదు. పెరిగింది వచ్చినవాళ్ళ వల్ల. రోడ్డుకు అవతల జొన్న చేలలో మొదట కంచె స్తంభాలు, తర్వాత రేకుల షెడ్లు, తర్వాత చిమ్నీలు లేచాయి. కరీంనగర్, మెదక్ నుంచి కొందరు, ఆంధ్ర నుంచి కొందరు, ఒరిస్సా నుంచి చాలామంది వచ్చారు. బీహార్ వాళ్ళు ఇంకా రాలేదు, ఆ తర్వాత వచ్చారు. ఇనుము కరిగించే పని ఒరిస్సావాళ్ళది. సాయంత్రం షిఫ్టు దిగి వస్తుంటే కనురెప్పలకు కూడా నల్లటి పొడి అంటుకుని ఉండేది. వాళ్ళకు ఉండేందుకు చోటు కావాలి. ఊర్లో అద్దె అనే మాటే అప్పటిదాకా లేదు. రెండు బర్రెలు చచ్చిపోయి కొట్టం సగం ఖాళీ అయింది కాబట్టి, ఆ సగానికి తడక కట్టి నాయనమ్మ ఒక జంటను ఉండనిచ్చింది. ఆయన పేరు గోపాల్. ఆమె సావిత్రి.

సావిత్రికి తెలుగు రాదు. నాయనమ్మకు తెలుగు తప్ప ఏమీ రాదు. మొదటి రోజు పొద్దున సావిత్రి కుండలో నీళ్ళు పోసి ఉంచిన రాత్రి అన్నాన్ని ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయతో తింటుంటే నాయనమ్మ తడక మీదుగా తొంగి చూసి లోపలికొచ్చి మా అమ్మతో, "మనలెక్కనే చద్దన్నం తింటున్రే, పరాయోళ్ళేం కాదు" అంది. ఆ ఒక్క మాటతో వాళ్ళ పుట్టుపూర్వోత్తరాల విచారణ ముగిసింది. ఆ సాయంత్రం నుంచి "ఎందరున్నరే?" అన్నప్పుడు అమ్మ వేళ్ళు ఇంకో రెండు ముడిచేది. వాళ్ళు వేరే వండుకునేవాళ్ళు, మా ఇంట్లో తినేది పండగనాడే. అయినా లెక్కలో ఉండేవాళ్ళు.

నాకు పందొమ్మిది ఏళ్ళప్పుడు ఊర్లో బొడ్రాయి పెట్టారు. నెల ముందు నుంచీ ఇళ్ళకు సున్నాలు వేశారు. ఆడబిడ్డలు ఎడ్లబండ్లలో, ఆర్టీసీ బస్సుల్లో దిగారు. మా మేనత్తలు ముగ్గురే కాదు, దూరపు వరసలు కలుపుకుని తొమ్మిది మంది మా ఇంట్లోనే ఉన్నారు. ఊర్లో అద్దెకున్న వాళ్ళందరికీ డప్పు కొట్టి చెప్పారు: పొద్దుగూకేలోపల పొలిమేర దాటాలి. గోపాల్ షిఫ్టులో ఉన్నాడు, అటు నుంచి అటే రోడ్డవతల ఉండిపోతానన్నాడు. సావిత్రికి నెలలు నిండాయి. చిన్న మూట కట్టుకుని గుమ్మం దాకా వచ్చి గుంజను పట్టుకుని వంగిపోయింది. నొప్పులు మొదలయ్యాయి.

నాయనమ్మ ఆమె నడుము మీద చెయ్యి వేసి చూసి, మూట తీసి లోపలికి విసిరేసింది. "ఎటు పోతవే పిల్లా గీ కడుపుతోని? పండుకో."

కబురు పటేల్‌కు చేరింది. ఆయన ఊరి పెద్ద, నాయనమ్మకు వరసకు తమ్ముడు. ఇద్దరు ముగ్గురిని వెంటేసుకుని వాకిట్లోకి వచ్చాడు. మా మేనత్తలంతా పని ఆపి నిలబడ్డారు.

"అక్కా, ఊరు కట్టెటప్పుడు పరాయి మనిషి లోపటుండొద్దు. ఎడ్లబండి తెచ్చిన, రోడ్డవతల దించుదం."

"బండ్లనే కంటే బిడ్డను నువ్వు పట్టుకుంటవా?" అంది నాయనమ్మ.

మేనత్తల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పటేల్ ముఖం ఎర్రబడింది. "నవ్వులాట కాదక్కా. రేపు ఊరికేమన్న అయితే?"

"ఇప్పుడు పుట్టేటిది ఏ ఊరిదిరా? గోపాల్ ఊరు నువ్వు చూసినవా? నేను చూసిన్నా? గా బిడ్డ చూసిందా? కండ్లు తెరిస్తే మన వాకిలే కనవడతది. ఊర్లె పుట్టింది ఊరిది కాకుంటే, మనమంత ఎవలం? మా నాయన తాత గీడికి ఎడ్నుంచి వచ్చిండో నీకెరికేనా?"

ఎరికే. అందరికీ ఎరికే. కరువు వచ్చినప్పుడు మంజీర అవతల నుంచి రెండు కుటుంబాలు వచ్చి ఇక్కడ ఆగాయని, మొదటి రాయి వాళ్ళే పాతారని మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. బయట డప్పు దగ్గరికొచ్చింది. పసుపు బియ్యం చల్లుకుంటూ, గ్రామదేవత పూజలు చేసే బైండ్లవాళ్ళు మా చేను గట్టు దాటారు. గీత పడిపోయింది. ఇక సావిత్రిని పంపాలన్నా పంపకూడదు.

తెల్లవారేసరికి కొట్టంలో ఆడపిల్ల పుట్టింది. నాయనమ్మే బొడ్డు కోసింది. కొట్టం గడప కింద చిన్న గుంత తీసి, అందులో ఆ బొడ్డు పేగును, కొంచెం పసుపును, నాలుగు గింజలు బియ్యాన్ని వేసి పూడ్చింది. మా అందరికీ అలాగే చేసింది, మా బొడ్లన్నీ పెద్దింటి గడప కింద ఉన్నాయి. అప్పుడు నేను బిందె పట్టుకుని ఆడబిడ్డల వరసలో చిట్టచివర నిలబడ్డాను. నీళ్ళు పోయడం అయ్యాక ఒడిబియ్యం మొదలైంది. పెండ్లి కాలేదు కాబట్టి నాకు పిడికెడే వేశారు. అంతలో నాయనమ్మ పొత్తిళ్ళలో పిల్లను ఎత్తుకుని వచ్చి పటేల్ ముందు నిలబడింది.

"దీనికీ పోయుర్రి."

"పుట్టి పొద్దన్న కాలె, ఒడి ఏదక్కా దీనికి?" అన్నాడు పటేల్. అప్పటికి ఆయన కోపం పోయింది. ఆయన గొంతులో నవ్వుంది.

"తల్లి ఒడే దాని ఒడి. తల్లి లేవలేదు, ఇగో నా కొంగుల పోయుర్రి."

ఇంటింటి నుంచీ వచ్చిన బియ్యం పెద్ద గంగాళంలో పసుపు కలిపి ఉంది. పటేల్ దోసిట్లో తీసుకుని నాయనమ్మ కొంగులో పోశాడు. "ఇగ ఇది మన ఊరి ఆడబిడ్డ" అని గట్టిగా అన్నాడు. ఊరంతా విన్నది. బాలమణి అని పేరు పెట్టింది కూడా నాయనమ్మే. సావిత్రికి ఆ పేరు నోరు తిరగలేదు. చివరిదాకా బాలో అనే పిలిచింది.

ఆ మరుసటి సంవత్సరం నా పెండ్లి అయింది. సంగారెడ్డి ఎంత దూరమని, అయినా ఆడపిల్లకు అది వేరే ఊరే. నేను వచ్చిన ప్రతిసారీ ఊరు కొంచెం మారి ఉండేది. ఒకసారి వచ్చేసరికి మా బావి నీళ్ళు బెల్లం పాకం రంగులో ఉన్నాయి. ఏ కంపెనీ నుంచి వచ్చిందో ఎవరూ తేల్చలేదు. తేల్చేలోపల ఇంకో మూడు బావులు పోయాయి. ఒకసారి వచ్చేసరికి కొట్టం లేదు, కొట్టం ఉన్నచోట రేకుల గదుల వరస ఉంది. తమ్ముడు చేను అమ్మి ఆ గదులు కట్టాడు. నాయనమ్మ ఆఖరి రోజుల్లో అన్నం వాసన కూడా పట్టేది కాదు. గాలి మందుల కంపెనీల వాసన తప్ప ఇంకేదీ తెచ్చేది కాదు. సాయంత్రం సోల చేతిలో పట్టుకుని గడపలో కూర్చునేది. ఇంట్లో ముగ్గురే. కానీ షిఫ్టు బస్సులు దిగి మా వాకిలి ముందు నుంచి పోయే మనుషులు వందల్లో ఉండేవారు. ఆమె వాళ్ళను లెక్కపెట్టేది. కొంతదూరం పోయాక తప్పేది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది. "ఇంతమందికి ఏడికెళ్ళి పోస్తవే?" అని నన్నడిగింది ఒకసారి. ఆ సోల ఆమె పోయాక నాకు వచ్చింది.

గోపాల్ ఇనుప ధూళితో ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. సావిత్రి తమ ఊరికి పోలేదు. ఆ ఊర్లో తనకెవరూ లేరంది. బాలమణి మా ఊరి బడిలో చదివింది, మా ఊరి బతుకమ్మ ఆడింది, తల్లిలాగే ఒరిస్సా నుంచి వచ్చిన ఒకతన్ని చేసుకుని అదే వరసలో రెండో గదిలో కాపురం పెట్టింది. మందుల కంపెనీలో డబ్బాలకు చీటీలు అంటించే పని. నేను ఉద్యోగంలో ఉండగా మూడుసార్లు జనాభా లెక్కలకు తిరిగాను. పుట్టిన చోటు ఏది, ఇక్కడికి ఎప్పుడొచ్చారు అని ప్రతి గడపలో అడగాలి. పటాన్‌చెరు వీధుల్లో ఎంత అడిగినా ఇక్కడే పుట్టామన్న పెద్దవాళ్ళు అరుదుగా దొరికేవారు. ఆ గడి నింపినప్పుడల్లా నాకు బాలమణి గుర్తొచ్చేది. మా ఊర్లో నేను ఇరవై ఏళ్ళు ఉన్నాను. అది నలభై ఆరేళ్ళుగా ఉంది, ఒక్క రోజు కూడా బయట కాపురం లేదు. మా ఇద్దరిలో ఊరి మనిషి ఎవరని తీసివేత చేసి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

పొలిమేర కట్టే రోజు మధ్యాహ్నం నేను, మా ఆయన కారులో ఊరు చేరాం. కార్లన్నీ తెల్లాపూర్, చందానగర్, సంగారెడ్డి నుంచి వచ్చినవే. దిగినవాళ్ళు "మన వాకిలి ఏది?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. భూములు అమ్ముకుని వెళ్ళినవాళ్ళకు సందులు గుర్తుపట్టడం కష్టంగా ఉంది. నేను నేరుగా రెండో గదికి పోయాను. తాళం ఉంది. మూడో గదికీ తాళమే. వరసంతా తాళాలే. దండేల మీద ఒక్క బట్ట లేదు. ఎప్పుడూ హిందీ పాటలు, కుక్కర్ కూతలు, పిల్లల ఏడుపులు కలిసి మోగే సందులో నా చెప్పుల చప్పుడు నాకు వినిపించింది. ఊరు నా చిన్నప్పటి అంత అయింది, అదే కొద్దిమంది మనుషులు, అదే నిశ్శబ్దం. ఇన్నేళ్ళుగా నేను తలచుకుని తలచుకుని బాధపడిన ఆ ఊరు నాకు తిరిగి దొరికింది. చూస్తే, దాంట్లో పొయ్యి వెలిగించేవాళ్ళు లేరు.

బాలమణి రోడ్డవతల కనబడింది. కంపెనీ ప్రహరీ నీడలో నీలం ప్లాస్టిక్ పట్టాలు కట్టుకుని ఊరిని నడిపే జనమంతా అక్కడ కూర్చుని ఉన్నారు, గ్యాస్ స్టవ్‌లు, బిందెలు, ఫ్యాన్లు, నిద్రపోతున్న పిల్లలతో. బాలమణి మూడేళ్ళ మనుమరాలిని చంకలో వేసుకుని లేచి వచ్చింది. ఎర్ర అంచు కొత్త చీర కట్టుకుని ఉంది. మెడలో పసుపుతాడు, తలలో పూలు. పట్టాల కింద కూర్చోవడానికి ఎవరూ అలా తయారవరు.

"వచ్చినవా అక్కా. కారు చూసి నువ్వే అనుకున్న."

"నువ్వు గీడ ఎందుకున్నవే? నిన్న శ్రీకాంత్‌కు మళ్ళ ఫోన్ చేసి చెప్పిన గద."

"చెప్పిండు. చూద్దమన్నడు. పొద్దుగాల కమిటీ పిల్లలొచ్చి గల్లీ ఖాళీ చెయ్యమన్నరు. ఓటప్పుడైతే ఇంటికొచ్చి అత్త, అక్క అని పిలుస్తరు. ఇయ్యాల ‘ఏ ఆంటీ, చలో’ అన్నరు." నవ్వింది. తర్వాత చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "ఒడిబియ్యం నాకు ఒక్కసారే పోసిన్రు అక్కా, నాకు తెలివి లేనప్పుడు. పెండ్లయినంక పోసేటందుకు అన్నదమ్ములు లేకపాయె. ఒక్కసారన్న తెలివి ఉండంగ పోయించుకోవాలె అనుకున్న" అంది.

నేను రోడ్డు దాటి వచ్చి శ్రీకాంత్‌ను పట్టుకున్నాను. వాడు మైకు తీగలు సర్దిస్తున్నాడు.

"అత్తమ్మా, ఒకామెను రానిస్తే అందరు వస్తమంటరు. ఊర్లె పుట్టినోళ్ళే లోపట ఉండాలె."

"నీ పిల్లలు ఏడ పుట్టిన్రురా?"

"చందానగర్ల. దవాఖానల."

"నువ్వు?"

వాడు మళ్ళీ తీగల మీదికి వంగాడు. పక్కనున్న కమిటీ పిల్లలు నవ్వారు. ఒకడు, "నేను పటాన్‌చెరుల అత్తమ్మా, నన్నుగూడ ఎల్లగొట్టుర్రి" అన్నాడు.

"ఇప్పుడు ఊర్లె ఉన్నోళ్ళల్ల యాభై ఏండ్ల లోపు మనిషి, ఇదే మన్ను మీద పుట్టింది, ఎవరన్న ఉన్నరా చెప్పు. అదొక్కతే ఉన్నది. దాన్ని రోడ్డవతల కూసుండబెట్టినవ్."

"నువ్వు లెక్కలు చెప్తె మేం గెలువలేం." వాడు తల గోక్కున్నాడు. పొద్దు కంపెనీ షెడ్ల మీదికి దిగింది. దూరంగా డప్పు మొదలైంది. "సరే, నీ కోసం. ఆమె ఒక్కతె రమ్మను. జల్దీ. ఇంకెవ్వరు వద్దు, ఆమె పెనిమిటి గూడ వద్దు."

ఈ వయసులో నేను ఎప్పుడు పరుగెత్తానో గుర్తులేదు. ఆ రోజు పరుగెత్తాను. లారీలు ఆపి మరీ రోడ్డు దాటాను. "రావే, రమ్మన్నరు, జల్దీ" అన్నాను. బాలమణి ముఖం వెలిగింది. చంకలో పిల్లను దించబోయి చుట్టూ చూసింది. కోడలు షిఫ్టులో ఉంది, కొడుకు షిఫ్టులో ఉన్నాడు. భర్త ఒక గోడౌన్ దగ్గర కావలి, పొద్దున దాకా రాడు. పిల్ల ఒంట్లో వెచ్చగా ఉంది, నానమ్మ మెడను రెండు చేతులతో కరిచి పట్టుకుంది.

"దీన్ని తోల్కరావొచ్చా?"

శ్రీకాంత్ ఒక్కతెనే రమ్మన్నాడు. నా ముఖం చూసి దానికే అర్థమైంది. డప్పు దగ్గరికొచ్చింది. పసుపు బియ్యం గంప ఎత్తుకున్నవాళ్ళు రోడ్డు అంచునే నడుస్తున్నారు. రోడ్డు మీద ట్రాఫిక్‌ను ఎవరూ ఆపలేరు కాబట్టి గీత ఊరి పక్క అంచునే పడుతోంది.

"నువ్వు పో అక్కా. మొదటి బిందె నీదంట గద."

"శ్రీకాంత్‌ను ఇంకోసారి అడిగొస్త."

"అడగొద్దు. నన్ను రానిచ్చి దీన్ని వద్దంటే, దీనికి ఊరు ఏదని నేనేం చెప్పాలె? నా కొడుకును బడిల చేర్చెటప్పుడు సొంతూరు రాయమంటే మా నాయిన ఊరి పేరే రాసిన. ఆ ఊరు నేను గూడ చూడలె." పిల్లను సర్దుకుని, "పో, గీత వడుతది" అని నన్ను భుజం పట్టి తిప్పింది.

నేను దాటాను. నా వెనక పసుపు బియ్యం పడింది.

పొద్దున్నే కొత్త రాయి నిలబెట్టారు. ఆడబిడ్డల వరసలో అందరికన్నా ముందు నిలబడి మొదటి బిందె నేనే పోశాను. నీళ్ళు ట్యాంకర్ నీళ్ళు. నా వెనక చాలామంది అమ్మాయిలు ఫోటోలు తీసుకుంటూ పోశారు. వరస చివర పొత్తిళ్ళ పిల్లలెవరూ లేరు. శ్రీకాంత్, వాడి భార్య నా ఒడిలో బియ్యం పోశారు, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములతో. కొంగు బరువెక్కి నడుము లాగింది. గీత తెంపారని మైకులో చెప్పగానే నేను కొంగు ముడి కూడా వేసుకోకుండా రోడ్డు వైపు నడిచాను.

అవతల నుంచి జనం అప్పటికే దాటుతున్నారు. బాలమణి ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో బిందెను పట్టుకుని వస్తోంది. కొత్త చీర నలిగింది, పూలు వాడిపోయాయి.

"కొంగు పట్టు" అన్నాను. "సగం నీది."

అది ఆగింది. బియ్యం చూసింది, వేలితో ఒక గింజ ముట్టుకుంది.

"ఇప్పుడు పోస్తే ఇది నీ బియ్యం అక్కా. ఊరి బియ్యం కాదు." గొంతులో కోపం లేదు. అదే ఉంటే బాగుండేది. "నువ్వు వండిపెడితే ఎప్పుడన్న తింట. ఒడిల మాత్రం వద్దు. పోత అక్కా, నల్లా వచ్చే టైమైంది, ఇప్పుడు పట్టుకోకుంటే మళ్ళ రేపే."

జనంలో కలిసి సందులోకి పోయింది. కొంతసేపటికి ఆ సందులోంచి కుక్కర్ కూత వినిపించింది, ఆ వెనక ఇంకోటి, ఆ వెనక పాటలు. ఊరు మళ్ళీ నిండింది. నేను పసుపు బియ్యం కొంగుతో రోడ్డు పక్కన నిలబడ్డాను. మా ఆయన కారు తెచ్చాడు.

నెల కాకముందే శ్రీకాంత్ ఫోన్ చేశాడు. గదుల వరస పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ళకు ఇచ్చాడట. కిరాయివాళ్ళు ఖాళీ చేశారట. బాలమణి వాళ్ళు గుమ్మడిదల దిక్కు ఎటో పోయారు, అక్కడ కూడా మందుల కంపెనీలే కదా అన్నాడు. బాలమణి బొడ్డు పాతిన గడప చోటు ఏమైందని అడిగాను. ఏ గడప అన్నాడు. కొట్టం గడప ఎక్కడుండేదో వాడికి తెలియదు.

ఒడిబియ్యాన్ని ఆడబిడ్డ తన ఇంట్లో వండి నలుగురితో కలిసి తినాలి. నా సగం వండాను. మా ఆయన, కూతురు, అల్లుడు, మనవరాలు తిన్నారు. రెండో సగం, బాలమణిది, ఒక స్టీలు డబ్బాలో వేరే పోసి పెట్టాను. నెలకోసారి పద్నాలుగో అంతస్తు బాల్కనీలో పాత చీర పరిచి ఆరబెడతాను. ఎండ తగిలేది ఒక్క గంట. అక్కడి నుంచి పటాన్‌చెరు వైపు చిమ్నీలు కనబడతాయి, గుమ్మడిదల కనబడదు. ఎండ జరిగిపోయాక నాయనమ్మ సోలతో కొలిచి డబ్బాలో పోస్తాను. మూడు సోలలు. ప్రతిసారీ మూడే.